అగ్రిమెంటు మధ్యలో ఇల్లు ఖాళీ చేయాల్సి వస్తే: మీ చోట కొత్తవాళ్లను దింపి అడ్వాన్సు తెచ్చుకోవడం ఎలా

విజయవాడలో మంచి అద్దె ఇల్లు దొరకడం ఒక ఎత్తు, గడువు తీరకముందే అందులోంచి మర్యాదగా బయటపడటం ఇంకో ఎత్తు. కానూరులో పదకొండు నెలలకు అగ్రిమెంటు రాసుకుని దిగుతారు, ఆరో నెలలో హైదరాబాదుకు ట్రాన్స్‌ఫర్ ఆర్డరు వస్తుంది. లేదా పిల్లాడికి ఇంటర్ సీటు ఊరికి అటు చివరున్న క్యాంపస్‌లో వస్తుంది. లేదా ఊళ్లో అమ్మానాన్నల ఆరోగ్యం బాగోక సర్దుకుని వెళ్లిపోవాలి. చేతిలో ఉన్నది నెల రోజులు, ఓనరు దగ్గర ఉన్నది మూడు నెలల అడ్వాన్సు.

అలాంటప్పుడు చాలామంది తెలిసినవాళ్లందరికీ "మా ఇల్లు ఖాళీ అవుతోంది, ఎవరైనా ఉంటే చెప్పండి" అని మెసేజ్ పెట్టేస్తారు. ఎవరో ఒకరు దొరికాక ఓనరు దగ్గరికి వెళ్తారు. అక్కడే పని చెడుతుంది. కొత్తగా వచ్చేవాళ్లకు ఇల్లు నచ్చితే చాలదు, ఓనరుకు వాళ్లు నచ్చాలి. ఆ తర్వాత మీ పేరు ఆ ఒప్పందంలోంచి కాగితం మీద తీసేయించుకోవాలి. ఈ రెండూ జరిగితేనే మీ డబ్బు భద్రంగా మీ చేతికొస్తుంది. కింద చెప్పేదంతా ఈ రెంటినీ సాధించే క్రమమే.

ముందు అగ్రిమెంటు బయటకు తీయండి

సంతకం పెట్టిన రోజున బీరువాలో పడేసిన ఆ స్టాంపు పేపరును మొదటి అక్షరం నుంచి చివరిదాకా చదవండి. మన దగ్గర అగ్రిమెంట్లు చాలావరకు పాత నమూనా ఒకటి తీసుకుని పేర్లు, అంకెలు మార్చి టైపు కొట్టించినవే. అందుకే మీరు నోటితో మాట్లాడుకున్నదానికీ అందులో ఉన్నదానికీ పొంతన లేకపోవచ్చు. ఇంగ్లీషులో ఉండి అర్థం కాకపోతే తెలిసినవాళ్లతో చదివించుకోండి, సిగ్గుపడాల్సిన పనేమీ లేదు.

మొదట చూడాల్సింది నోటీసు సంగతి. "ఇరుపక్షాల్లో ఎవరైనా ఒక నెల ముందు నోటీసు ఇచ్చి రద్దు చేసుకోవచ్చు" అనే వాక్యం ఉండి, లాకిన్ పీరియడ్ (ఇన్ని నెలలదాకా ఖాళీ చేయకూడదనే గడువు) అనే మాట ఎక్కడా లేకపోతే మీకు సగం టెన్షన్ తీరినట్టే. అప్పుడు మీ బదులు ఇంకొకరిని వెతికి పెట్టే బాధ్యత మీ మీద లేదు. నెల ముందు రాతపూర్వకంగా చెప్పి ఖాళీ చేయవచ్చు. ఈ వాక్యం తమ అగ్రిమెంటులో ఉందని తెలియక నెలల తరబడి మనుషుల కోసం తిరిగేవాళ్లు ఉన్నారు. అసలు కాగితమే రాసుకోకుండా నోటిమాట మీద ఉంటున్నట్టయితే, 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షను ప్రకారం నెలవారీ అద్దెకు పదిహేను రోజుల నోటీసు సరిపోతుంది. మనం మాత్రం నెల ముందు చెప్పడం మర్యాద.

లాకిన్ ఉంటే ఎన్నాళ్లు, మధ్యలో వెళ్తే ఏం కోస్తారు అన్నది చూడండి. "అడ్వాన్సు మొత్తం జప్తు" అని రాసి ఉన్నా బెదిరిపోకండి. భారత కాంట్రాక్టు చట్టం 74వ సెక్షను ప్రకారం ఒప్పందంలో రాసుకున్న మొత్తం గరిష్ఠ పరిమితి మాత్రమే, ఆ లోపల సమంజసమైన పరిహారమే దక్కుతుంది. నలభై వేల కోసం కోర్టుకు వెళ్లమని నేను చెప్పను. ఓనరుతో కూర్చున్నప్పుడు మీ మాటకు ఒక ఆధారం ఉండాలని చెబుతున్నాను.

సబ్‌లెట్ (అద్దెకు తీసుకున్న ఇంటిని మనం మళ్లీ ఇంకొకరికి అద్దెకివ్వడం) చేయకూడదు అనే షరతు దాదాపు ప్రతి అగ్రిమెంటులోనూ ఉంటుంది. కాబట్టి ఓనరుకు చెప్పకుండా స్నేహితుణ్ణి ఇంట్లో పెట్టి, అతని దగ్గర అద్దె తీసుకుని మీరు కట్టే ఏర్పాటు వద్దేవద్దు. అలాంటి షరతు లేకపోయినా, బదిలీ చేసినంత మాత్రాన పాత అద్దెదారు బాధ్యత తీరదని అదే ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షను చెబుతోంది. రేపు వాళ్లు మూడు నెలలు అద్దె ఎగ్గొడితే ఓనరు ఫోన్ చేసేది మీకే.

ఓనరుతో మాట్లాడే తీరు

విషయం మీకు ఖాయమైన రోజునే ఓనరుకు చెప్పండి. పక్క ఫ్లాట్ వాళ్ల ద్వారానో వాచ్‌మ్యాన్ ద్వారానో ముందు తెలిస్తే ఆయన మనసు విరుగుతుంది, ఆ తర్వాత మీరు ఎంత మంచివాళ్లను తెచ్చినా వంకే కనిపిస్తుంది. ఫోన్‌లో కాకుండా వెళ్లి మాట్లాడండి. కింద ఓనరు, పైన మీరు ఉండే ఇండిపెండెంట్ ఇల్లయితే ఆంటీగారు కూడా ఇంట్లో ఉన్న సమయం చూసుకోండి. ఎవరు దిగాలన్నది చాలా ఇళ్లలో ఆవిడే తేలుస్తారు.

ఇలా మొదలుపెట్టవచ్చు: "అంకుల్‌గారూ, నాకు హైదరాబాదు ట్రాన్స్‌ఫర్ వచ్చింది, వచ్చే నెల పదిహేనుకి అక్కడ చేరాలి. అగ్రిమెంటు ప్రకారం ఇంకా ఐదు నెలలు ఉందని తెలుసు. మీకు ఒక్క నెల అద్దె కూడా పోకుండా మంచి ఫ్యామిలీని చూసిపెడతాను. మీరు చూసి, మాట్లాడి, నచ్చితేనే ఇవ్వండి. ఎలాంటివాళ్లయితే మీకు ఇబ్బంది ఉండదో చెప్పండి."

ఆయన భయం ఖాళీ నెలల గురించి. ఆ భయం తీరుస్తానని మీరే ముందు చెబితే గొంతు మెత్తబడుతుంది. ఇంకో మాట కూడా కలపండి. మీరు దిగినప్పటి కంటే ఇప్పుడు ఆ వీధిలో అద్దెలు పెరిగి ఉంటే, కొత్తవాళ్లతో కొత్త అద్దెకు, కొత్తగా పదకొండు నెలలకు రాసుకునే అవకాశం ఆయనకు వస్తోంది. చుట్టుపక్కల రెండు మూడు టులెట్ బోర్డులకు ఫోన్ చేసి రేట్లు కనుక్కుని వెళ్లండి.

అదే కూర్చోవడంలో అద్దె ఎంత చెప్పాలి, అడ్వాన్సు ఎన్ని నెలలు, బ్యాచిలర్లకు ఇస్తారా, కుక్కపిల్ల ఉంటే ఫర్వాలేదా, గేటుకు టులెట్ బోర్డు కట్టవచ్చా అన్నవి తేల్చుకోండి. కులం, మతం అడిగే ఓనర్లు మన ఊళ్లో ఇంకా ఉన్నారు. నాకది ఎన్నటికీ మింగుడుపడదు. మీ ప్రకటనలో మాత్రం ఆ మాట రానివ్వకండి, ఇల్లు చూడటానికి వచ్చినవాళ్లను మీరు ఆ ప్రశ్న అడగకండి. వాళ్ల ఉద్యోగం, పాత ఓనరు చెప్పే మంచిమాట ముందు పెట్టి పరిచయం చేస్తే చాలాచోట్ల ఆ ప్రశ్న వెనక్కి తగ్గుతుంది. ఓనరు ఖచ్చితంగా కాదంటారని ముందే తెలిస్తే మాత్రం ఆ కుటుంబాన్ని ఊరికే తిప్పి నొప్పించకండి.

ఇంటికి రాగానే వాట్సాప్‌లో పెట్టండి: "ఇవాళ మాట్లాడుకున్నట్టు ఫలానా తేదీకి ఇల్లు ఖాళీ చేస్తాను. ఈలోగా మీకు నచ్చిన కొత్తవాళ్లు అడ్వాన్సు ఇచ్చి అగ్రిమెంటు రాసుకుంటే, నా అగ్రిమెంటు రద్దు చేసి నా అడ్వాన్సు తిరిగి ఇస్తామన్నారు. సరేనా అంకుల్?" ఆయన "సరే" అని జవాబిస్తే అది దాచుకోండి.

బెజవాడలో ఓనర్లు చాలామంది డాలస్‌లోనో సిడ్నీలోనో ఉంటారు, అద్దె వసూలు చేసేది ఇక్కడి బావమరిదో మేనమామో. మాటలన్నీ ఇక్కడివారితో నడిచినా, అగ్రిమెంటులో ఎవరి పేరు ఉందో వారి నుంచి నేరుగా ఒక మెసేజో మెయిలో తెప్పించుకోండి. "మా బావ ఏమీ అనరండీ" అన్న మాట మీద అడ్వాన్సు వదిలి వెళ్లకండి.

లెక్క వేసుకోండి, తర్వాత వెతకండి

అద్దె 14,000, అడ్వాన్సు 42,000, మిగిలింది ఐదు నెలలు అనుకుందాం. ఎవరూ దొరక్క ఇల్లు రెండు నెలలు ఖాళీగా ఉండి, ఆ భారం మీ మీద పడితే 28,000 పోతుంది. దానికి బదులు "ఈ ఐదు నెలలకూ నెలకు వెయ్యి చొప్పున నేను సర్దుతాను" అని కొత్తవాళ్లకు చెబితే మీకయ్యేది 5,000. ఓనరు అద్దె తగ్గదు, వచ్చేవాళ్లకు 13,000కే ఇల్లు దొరుకుతుంది. బేరం తెగక వారాల తరబడి లాగే చోట ఈ ఉపాయం బాగా పనిచేస్తుంది. ఆ 5,000 నెలనెలా ఇస్తానని ఒప్పుకోకుండా ఒకేసారి లెక్క తేల్చేయండి. లేకపోతే వెళ్లిపోయాక కూడా ఆ ఇంటితో మీకు ముడి తెగదు.

ఇక కాలం. అద్దె ఇళ్లకు ఇక్కడ గిరాకీ ఏప్రిల్ నుంచి జూన్ మధ్య. బడులు, కాలేజీలు మారేది, బ్యాంకుల్లో బదిలీలు జరిగేది అప్పుడే. పిల్లల ఇంటర్ చదువు కోసం తల్లో అమ్మమ్మో రెండేళ్లపాటు ఇక్కడ ఇల్లు తీసుకుని ఉండే కుటుంబాలు ఆ రోజుల్లో కానూరు, పోరంకి, నిడమానూరు వైపు వెతుకుతూ ఉంటాయి. మీరు ఖాళీ చేసేది ఆ నెలల్లోనైతే అదృష్టం.

ఆషాఢం సంగతి మాత్రం తేలిగ్గా తీసుకోకండి. జూన్ చివర్లోనో జూలైలోనో ఆషాఢం వస్తుంది, ఆ నెలంతా కొత్త ఇంట్లో పాలు పొంగించడానికి చాలా కుటుంబాలు ఒప్పుకోవు. భాద్రపదం, పుష్యం కూడా శూన్యమాసాలే అంటారు. మీకు నమ్మకం ఉన్నా లేకపోయినా వచ్చేవాళ్లకు ఉంటే మీ ఇల్లు నెల ఖాళీ. ఖాళీ చేసే తేదీ ఆ నెలలో పడుతుంటే క్యాలెండరు ముందే చూసుకుని, శూన్యమాసం మొదలయ్యేలోపు అడ్వాన్సు దాకా తీసుకెళ్లండి. మంచిరోజున వచ్చి పాలు పొంగించుకుని, దేవుడి పటం పెట్టుకుని, సామాను తర్వాత తెచ్చుకునే పద్ధతి మనవాళ్లకు అలవాటే. మీ సామాను ఇంకా ఇంట్లో ఉన్నా వంటగదిలో ఆ గంట చోటివ్వండి.

ఎవరికి సరిపోతుందో ఆలోచిస్తే ఎక్కడ వెతకాలో తెలుస్తుంది

గుణదల వైపైతే సిద్ధార్థ మెడికల్ కాలేజీ పీజీ డాక్టర్లు, స్టాఫ్ ఉంటారు. తాడేపల్లి, ఉండవల్లి, మంగళగిరి అయితే వెలగపూడి సచివాలయం ఉద్యోగులు, ఎయిమ్స్ సిబ్బంది. కృష్ణలంక, గవర్నర్‌పేట అయితే బస్టాండుకీ షాపులకూ దగ్గరగా ఉండాలనుకునేవాళ్లు. గుంటూరులో బ్రాడీపేట, అరండల్‌పేట ఇళ్లకు ఆసుపత్రుల్లో, కోచింగ్ సెంటర్లలో పనిచేసేవాళ్లు ఎక్కువ. ఆయా ఆఫీసుల్లో, కాలేజీల్లో తెలిసినవాళ్లు ఒక్కరున్నా వాళ్ల వాట్సాప్ గ్రూపులో మీ మెసేజ్ పెట్టించండి. ఊరికే వందమందికి పంపడం కంటే అది మేలు.

పాత పద్ధతులూ వదలకండి. మన దగ్గర ఇల్లు వెతికేవాళ్లు ఇప్పటికీ ఆదివారం పొద్దున బండేసుకుని వీధులు తిరుగుతారు, కిరాణా షాపులో, ఇస్త్రీ బండి దగ్గర ఆగి అడుగుతారు. ఆ ఇద్దరికీ మీ నంబరు రాసివ్వండి. వాచ్‌మ్యాన్‌కు ముందే చెప్పి, మనిషి కుదిరితే ఐదొందలో వెయ్యో ఇస్తానని మాటివ్వండి, ఇచ్చి తీరండి. బ్రోకరును పెడితే సగం నెల నుంచి నెల అద్దె దాకా అడుగుతారు. అది ఎవరి జేబులోంచి అన్నది ముందే తేల్చుకోండి.

మెసేజ్‌లో అన్నీ ఒకేసారి చెప్పండి, లేకపోతే ఒకే ప్రశ్నకు ఇరవైమందికి జవాబిస్తూ కూర్చోవాలి. ఇలా రాయవచ్చు:

"అద్దెకు: కానూరు, మెయిన్ రోడ్డుకు ఐదు నిమిషాల నడక. డబుల్ బెడ్రూమ్ ఫ్లాట్, రెండో అంతస్తు, తూర్పు ముఖం, లిఫ్ట్ ఉంది. మున్సిపల్ నీళ్లు పొద్దున వస్తాయి, బోరు ఉంది. ఒక బైకు, ఒక కారు పార్కింగ్. అద్దె 14,000, మెయింటెనెన్స్ 1,500 విడిగా, అడ్వాన్సు మూడు నెలలు. వచ్చే నెల 13 నుంచి ఖాళీ. ఓనరుతో కొత్త అగ్రిమెంటు. మేము ట్రాన్స్‌ఫర్ మీద వెళ్తున్నాం. ఇల్లు చూడటానికి సాయంత్రం ఆరు తర్వాత ఫోన్ చేసి రండి."

"ఓనరుతో కొత్త అగ్రిమెంటు" అన్న మాట తప్పకుండా ఉండాలి. అద్దెకున్నవాళ్లే ఇల్లు ఇస్తున్నారంటే జనానికి అనుమానం సహజం, ఆ ఒక్క మాటతో అది తీరుతుంది. ఖాళీ ఎందుకు చేస్తున్నారో కూడా రాయండి. లేకపోతే ఇంట్లో ఏదో లోపం ఉందనుకుంటారు.

ఓఎల్‌ఎక్స్, ఫేస్‌బుక్ లాంటి చోట్ల పెడితే ఒక జాగ్రత్త. "మిలిటరీలో చేస్తున్నాను, విజయవాడ పోస్టింగ్ వచ్చింది, ఇల్లు చూడక్కర్లేదు, అడ్వాన్సు ఇప్పుడే పంపుతాను, ఈ క్యూఆర్ కోడ్ స్కాన్ చేయండి" అని ఫోన్ వస్తే పెట్టేయండి. డబ్బు మనకు రావడానికి స్కాన్ చేయడం, పిన్ కొట్టడం ఎప్పటికీ అవసరం లేదు. పొరపాటున ఎవరైనా చిక్కుకుంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయమనండి.

ఇల్లు చూపించే గంట

ఒక్కొక్కరికి ఒక్కో రోజు ఇస్తే మీ ఇల్లు సంతలా అవుతుంది. రెండు సాయంత్రాలు, ఒక ఆదివారం పెట్టుకుని అందరినీ అప్పుడే రమ్మనండి. వచ్చేముందు కిటికీలన్నీ తీసి గాలి ఆడనివ్వండి, సింకు ఖాళీ చేయండి, బాత్రూమ్ కడిగి ఆరబెట్టండి, అన్ని లైట్లూ వేయండి. సగం సర్దిన అట్టపెట్టెలు హాల్లో ఉంటే ఇల్లు ఇరుకుగా కనిపిస్తుంది, ఒక గదిలోకి నెట్టేయండి.

వచ్చినవాళ్లు వంటింట్లో కుళాయి తిప్పి చూస్తారు. మీరే తిప్పి చూపించండి. నీళ్లు ఏ వేళకొస్తాయి, ట్యాంకు ఎన్నిసార్లు నింపుతారు, వేసవిలో ఇబ్బంది పడ్డారా అన్నది ఉన్నదున్నట్టు చెప్పండి. సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట, కండ్రిక వైపు ఇళ్లయితే మొదటి ప్రశ్న 2024 వరద గురించే వస్తుంది. ఆ సెప్టెంబరు 1న బుడమేరు పొంగి ఇళ్లల్లోకి వచ్చిన నీళ్లను అక్కడివాళ్లెవరూ మరవలేదు, ఇల్లు వెతికేవాళ్లూ మరవలేదు. నీళ్లు ఎన్ని మెట్లు మునిగేదాకా వచ్చాయో, సెల్లారులో బండ్లు ఏమయ్యాయో, ఎన్నాళ్లకు తీసిందో మీకు తెలిస్తే తెలిసినట్టు చెప్పండి, అప్పటికి మీరు లేకపోతే పక్కింటివాళ్లతో చెప్పించండి. దాచి ఇల్లు అంటగడితే, చిన్నపిల్లలతో దిగిన కుటుంబం రేపు వానాకాలంలో పడే భయానికి మీరు కారణమవుతారు.

పడమటి బెడ్రూమ్ మేలో కాలిపోతుందా, బాత్రూమ్ గోడ చెమ్మగిల్లుతుందా, కింది షట్టరులో వెల్డింగ్ షాపు చప్పుడు ఉందా, ఇవీ అంతే. లోపం ముందే చెప్పి, దానికి మీరేం చేసుకున్నారో కూడా చెబితే జనం పెద్దగా పట్టించుకోరు. దిగాక తెలిస్తే రెండో నెలలోనే ఖాళీ చేస్తారు, ఓనరు మిమ్మల్ని తిట్టుకుంటారు.

వాళ్లను మీరూ అడగండి. ప్రస్తుతం ఎక్కడుంటున్నారు, ఎందుకు మారుతున్నారు, కనీసం ఏడాది ఉంటారా, ఇంట్లో ఎంతమంది. పాత ఓనరు నంబరు అడిగి ఒక్క ఫోన్ చేయండి: "అద్దె నెలనెలా సరిగ్గా ఇచ్చేవారా అండీ?" ఆ జవాబులోని గొంతే చాలా చెబుతుంది. "రేపే అడ్వాన్సు ఇచ్చేస్తాను, వివరాలెందుకు" అని తొందరపెట్టేవాళ్ల కంటే నింపాదిగా అన్నీ అడిగి చూసుకునేవాళ్లు మంచి అద్దెదారులవుతారని నా నమ్మకం. ఇద్దరు ముగ్గురిని ఎంచి ఓనరు ముందుంచండి, ఒక్కరినే పెట్టకండి. ఎంచుకునే అవకాశం తనకే వదిలారన్న తృప్తి ఆయనకు ఉంటుంది. ఆధార్ కాపీ ఓనరుకు వాళ్లే ఇచ్చుకుంటారు. మీరు తీసుకుని ఫోన్‌లో దాచుకోవాల్సిన పనిలేదు.

డబ్బు ఎటు నుంచి ఎటు వెళ్లాలి

కొత్తవాళ్ల టోకెన్, అడ్వాన్సు నేరుగా ఓనరు ఖాతాకు వెళ్లాలి. మీ అడ్వాన్సు ఓనరు ఖాతా నుంచి మీ ఖాతాకు రావాలి. మధ్యలో మీ చేతికి ఒక్క రూపాయి రాకూడదు. టోకెన్‌గా ఐదువేలు మీకు ఇచ్చి, తర్వాత వాళ్లు మనసు మార్చుకున్నా, ఓనరు కాదన్నా, తిరిగి ఇవ్వలేదన్న గొడవ మీ మెడకు చుట్టుకుంటుంది.

చాలామంది ఓనర్లు ఒక సులువు మార్గం చెబుతారు: "నా దగ్గరున్న నీ అడ్వాన్సు వాళ్లదనుకుంటాను. నీ నలభై రెండు వేలు వాళ్ల దగ్గరే తీసుకో." ఖర్చయిపోయిన డబ్బు మళ్లీ బయటకు తీయడం ఆయనకు కష్టం, అందుకే ఈ మాట. ఇందులో మోసం ఏమీ లేదు, కానీ రాత లేకపోతే చిక్కు ఉంది. కొత్తవాళ్లు ఏడాది తర్వాత వెళ్లేటప్పుడు "మీరు నాకు అడ్వాన్సు ఎప్పుడిచ్చారు?" అని ఓనరు అంటే, వాళ్ల బ్యాంకు స్టేట్‌మెంటులో కనిపించేది మీ పేరు. కాబట్టి ఈ దారిలో వెళ్లక తప్పకపోతే, కొత్త అగ్రిమెంటులో "అడ్వాన్సు రూ. 42,000 ఓనరుకు ముట్టినది" అని స్పష్టంగా రాయించి, ఓనరు దానిమీద సంతకం చేశాకే వాళ్లు మీకు పంపాలి. ముగ్గురూ ఒకచోట కూర్చుని అరగంటలో ముగించుకోగలిగిన పని ఇది. పెయింటింగ్ కింద మీ దగ్గర ఓనరు ఏమైనా కోసుకోవాలనుకుంటే అదీ అప్పుడే తేలాలి.

ఇంట్లో మీరు పెట్టించుకున్న వస్తువుల బేరం దీనితో కలపకండి. ఇన్వర్టరు, గీజరు, కర్టెన్ రాడ్లు, బాల్కనీ దోమతెర కొత్తవాళ్లకు అమ్మాలనుకుంటే మంచిదే, ఇద్దరికీ లాభం. దాని ధర విడిగా మాట్లాడుకుని, ఏమేం వదిలి వెళ్తున్నారో మెసేజ్‌లో రాసి, ఓనరుకు కూడా పంపండి. అవి ఇంటివని ఆయన అనుకోకుండా ఉండాలి కదా.

రెండు కాగితాలు

పాత అగ్రిమెంటులో మీ పేరు కొట్టేసి వాళ్ల పేరు రాయడం, "ఎలాగూ ఐదు నెలలేగా, మీ అగ్రిమెంటు మీదే ఉండనివ్వండి" అనడం, రెండూ ప్రమాదమే. ఓనరుకూ కొత్తవాళ్లకూ మధ్య కొత్త అగ్రిమెంటు ఒకటి, మీ అగ్రిమెంటు రద్దయిందని ఓనరు సంతకంతో ఒక కాగితం, ఈ రెండు కావాలి. కొత్త అగ్రిమెంటు స్టాంపు పేపరు ఖర్చు మీరు పెట్టుకుంటానంటే ఓనరు ఇక వాయిదా వేయరు. అదీ పదకొండు నెలలకే రాసుకుంటారు. ఏడాది దాటిన లీజుకే రిజిస్ట్రేషన్ తప్పనిసరి అన్న లెక్కతో మన దగ్గర అందరూ ఇలా చేస్తారు, కానీ 1908 రిజిస్ట్రేషన్ చట్టానికి 1999లో చేసిన రాష్ట్ర సవరణ ప్రకారం ఇక్కడ ఏడాదిలోపు లీజుకూ రిజిస్ట్రేషన్ తప్పనిసరే.

రద్దు కాగితం పొడవుగా ఉండక్కర్లేదు, తెల్ల కాగితం మీద ఇంత చాలు:

"ఫలానా చిరునామా ఇంటికి ఫలానా తేదీన నేను, శ్రీ/శ్రీమతి ఫలానా వారు రాసుకున్న అద్దె ఒప్పందం ఇరువురి అంగీకారంతో ఫలానా తేదీన రద్దయింది. ఆ తేదీ వరకు అద్దె, మెయింటెనెన్స్, కరెంటు బకాయిలు లేవు. ఇల్లు, తాళాలు నాకు అప్పగించారు. అడ్వాన్సు రూ. 42,000లో పెయింటింగ్ నిమిత్తం రూ. ఇంత మినహాయించి, మిగిలిన రూ. ఇంత వారి ఖాతాకు జమ చేశాను. ఈ ఇంటి విషయమై ఇకపై ఒకరి నుంచి ఒకరికి రావలసినది ఏమీ లేదు."

తేదీ, ఇద్దరి సంతకాలు, వీలైతే పక్కవాళ్ల సాక్షి సంతకం. ఓనరు విదేశాల్లో ఉంటే ఇదే మాటలు ఆయన మెయిల్ నుంచి పంపించుకోండి.

తాళాలు ఇచ్చే రోజు

నెల మధ్యలో మారితే అద్దె రోజుల లెక్కన పంచుకోండి. 14,000 అద్దెకు ముప్పై రోజుల నెలలో 12వ తేదీదాకా మీరుంటే మీ వంతు 5,600, మిగిలిన 8,400 కొత్తవాళ్లది. ఈ అంకె ముందే ముగ్గురికీ మెసేజ్ చేస్తే ఆ రోజున మాటామాటా రాదు.

సామాను దించాక, ఇల్లు ఊడ్చాక, కరెంటు మీటరు రీడింగ్ ఫోటో తీయండి, సర్వీసు నంబరు కూడా కనిపించాలి. అక్కడిదాకా వాడకం ఎంతో లెక్కగట్టి ఓనరుకు ఇచ్చేయండి. బిల్లు మీద సర్దుబాటు చార్జీలు పాత వాడకానికి తర్వాతి నెలల్లో పడుతుంటాయి. వాటిని ఎవరు భరించాలో, లేదా ఇప్పుడే ఒక అంచనా మొత్తానికి తెంచేసుకుంటారో మాట్లాడుకోండి. గది గదికీ వీడియో తీసుకోండి: గోడలు, స్విచ్‌బోర్డులు, కిటికీ అద్దాలు, బాత్రూమ్ ఫిట్టింగులు, తలుపు గడియలు. వాడకంలో సహజంగా వచ్చే అరుగుదలకు అద్దెదారు బాధ్యత లేదని ఆస్తి బదిలీ చట్టమే అంటోంది. మేకు రంధ్రాలు, పిల్లల క్రేయాన్ గీతలు మాత్రం మీవే, ఒక పెయింటర్‌ను పిలిచి ఆ గోడ వరకు వేయించేస్తే ఓనరు ఇల్లంతటి పెయింటింగ్ లెక్క వేయరు. తాళాలు ఎన్ని ఇచ్చారో, టెర్రస్ తాళంతో సహా, లెక్కపెట్టి ఇవ్వండి.

ఎవరూ కుదరకపోతే

తేదీ ముంచుకొస్తున్నా మనిషి దొరకకపోతే ఓనరు దగ్గర కూర్చుని ఒక మొత్తానికి తెంచుకోవడం మేలు. "ఒక నెల అద్దె మీరు ఉంచుకోండి, మిగిలింది ఇవ్వండి, నేను వెళ్లాక కూడా వచ్చేవాళ్లను పంపుతూనే ఉంటాను" అంటే చాలామంది ఒప్పుకుంటారు. మీరు తెచ్చిన మంచి కుటుంబాలను కారణం లేకుండా ఆయనే కాదంటూ వచ్చి, చివరికి ఐదు నెలల అద్దె మొత్తం మీరే కట్టాలంటే, ఎవరెవరిని ఏ తేదీన పంపారో మీ దగ్గరున్న మెసేజ్‌లు చూపించండి. నష్టాన్ని తగ్గించుకునే అవకాశం ఉండీ వదిలేసినవారికి ఆ నష్టమంతా ఇప్పించడానికి కాంట్రాక్టు చట్టం ఒప్పుకోదు. ఈ మాట పెద్దమనిషి ఒకరిని కూర్చోబెట్టి, గొంతు పెంచకుండా చెప్పండి. అపార్ట్‌మెంట్ అసోసియేషన్ ప్రెసిడెంటుగారు ఆ పనికి సరిపోతారు.

ఊరు దాటేముందు మిగిలిన చిన్న పనులు: ఆఫీసులో హెచ్‌ఆర్‌ఏ (ఇంటి అద్దె భత్యం) చూపించేవాళ్లయితే ఉన్నన్ని నెలల అద్దె రసీదులు, ఏడాది అద్దె లక్ష దాటితే ఓనరు పాన్ నంబరు ఇప్పుడే తీసుకోండి, తర్వాత ఫోన్లు చేసి అడగటం కష్టం. గ్యాస్ ఏజెన్సీలో కనెక్షను బదిలీ పత్రం, ఇంటర్నెట్ బాక్సు తిరిగి ఇచ్చినట్టు రసీదు కూడా తీసుకుని బయల్దేరండి.